రూ.500 కట్టి నా వరద ఫొటోకు మార్కులేయించుకున్న

పోయిన నెల మహబూబ్‌నగర్‌లో ఒక ఫొటోగ్రఫీ క్లబ్బు పెట్టిన అప్రైజల్ సెషన్‌కు పోయిన. మనిషికి రూ.500. నాలుగు ఫొటోలు ఇయ్యొచ్చు. ముగ్గురు జడ్జిలు తలా ఐదు మార్కులకు వేసి, ఎందుకు వేసిన్రో మైకులో చెప్తరు. నాకు గద్వాలలో స్టుడియో ఉంది, ఇరవై ఏండ్లుగా ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా ఫొటోలు పంపుతున్న. పెండ్లి ఆల్బమ్ మెచ్చుకునేటోళ్లు మస్తుమంది ఉంటరు, వార్త ఫొటోను నిమ్మళంగా కూసోని చూసేటోళ్లే దొరకరు. అందుకే కట్టిన.

చిన్న సంగతులు ముందు చెప్పేస్త. ప్రొజెక్టర్ బాగలేదు. నలుపంతా బూడిద రంగు, ఎరుపంతా ఇటుక రంగు. కిటికీలకు పరదాలు సగమే. అసొంటి తెర మీద చూసి "షాడోల్లో డీటైల్ లేదు" అని మార్కులు కోస్తే ఎవరిని అడగాలె? చాయ్ రెండుసార్లు ఇచ్చిన్రు, బాగుండె. అన్నం మాత్రం బయట మన పైసలతోనే.

నా నాలుగింటిలో ఒకటి మంత్రి గారి రిబ్బన్ కటింగ్. దానికి 15కు 4 వచ్చినయి, వాళ్లు వేసింది కరెక్టే. పేపర్లో మూడు కాలమ్‌లు వచ్చింది గానీ అది వార్త, ఫొటో కాదు. నా పంచాయితీ ఇంకోదాని గురించి.

2009 అక్టోబర్ వరదప్పుడు రాజోలిలో తీసిన ఫొటో అది. తుంగభద్ర ఊరి మీదికొచ్చి పోయినంక, ఒక పెద్దమనిషి మగ్గం గుంటలో నడుముదాంక దిగి, సగం నేసిన చీరను బురదలోంచి పైకి లాగుతుండు. నూలు చీర, పట్టు అంచు. నూలంతా బురద పట్టి గోనెసంచి లెక్క అయింది. అంచు మాత్రం ఒక జానెడు మేర ఎండకు మెరుస్తుంది. గోడ కూలింది కాబట్టి ఆయన వెనక వీధి కనబడతది. ఒక కరెంటు స్తంభం, ఊడి వేలాడే వైర్లు, కుడి మూలకు ఒక బస్సు వెనక భాగం.

15కు 6.

మొదటి జడ్జి హొరైజన్ వంకరుందన్నడు. ఉంది. మోకాలిదాంక బురదలో నిలబడి తీస్తే నేనే వంకరగున్న. రెండో ఆయన స్తంభం పట్టుకున్నడు. "తలలోంచి మొలిచినట్టుంది, క్లోన్ చేసేయండి, రెండు నిమిషాల పని." క్లోన్ అంటే పక్క భాగాన్ని కాపీ చేసి దాని మీద కప్పేసి మాయం చేసుడు. పని రెండు నిమిషాలదే, నాకు తెల్వదా? పెండ్లి ఫొటోల్లో దినాం స్తంభాలు పీకుడే మన బతుకు. కానీ ఆ స్తంభానికి బురద మరక ఉంది, పెద్దమనిషి తల కన్నా ఇంకో మూరెడు పైకి. ఫొటోలో నీళ్లు లేవు, అప్పటికే తీసినయి. వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పేది ఆ మరక ఒక్కటే. దాన్ని తుడిస్తే మిగిలేది బురదలో చీర లాగే ఒక ముసలాయన, అంతే.

మూడో ఆయన పెద్ద వయసాయన. చాలాసేపు చూసి, "స్తంభం ఉండనీ తమ్మీ, ఆ బస్సెందుకు? ఒక్క అడుగు ముందుకేస్తే ఫ్రేమ్ బయటికి పోతుండె గదా" అన్నడు. నిజం. డెస్క్‌కు పంపాలన్న తొందరలో నేను చూడలే, ఇన్నేండ్లలో మళ్లీ ఎన్నిసార్లు చూసినా కనబడలే. నా రూ.500 ఆ ఒక్క మాటకు చెల్లిపోయినయి అనుకుంటున్న.

మధ్యాహ్నం పేరుమోసిన వార్త ఫొటోలను తెర మీద వేసి, వాటికి కూడా మా ఫొటోలకు వాడిన మార్కుల కాగితం మీదనే మార్కులు. వియత్నాం యుద్ధంల ఎడ్డీ ఆడమ్స్ 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో తీసిన ఫొటో, ఒక అధికారి ఖైదీ తలకు పిస్తోలు పెట్టి కాల్చేది. 1969లో పులిట్జర్ వచ్చింది, అమెరికాలో పత్రికలోళ్లకు ఇచ్చే పెద్ద అవార్డు. మా హాలులో 9 వచ్చినయి. ఎడమ అంచున ఉన్న సైనికుడు డిస్ట్రాక్షన్ అట. కాల్చే మనిషి మొహం మనకు సరిగ్గా కనబడదు, అటు తిరిగి ఉంటడు. చూడలేక పండ్లు కొరికేటోడు ఆ అంచు మీదాయనే. ఆయన్ను కోసేస్తే ఆ వీధిలో మనలెక్క చూసేటోడు ఎవడూ ఉండడు.

తర్వాత అర్కో దత్తా ఫొటో. 2004 సునామీ, కడలూరు. ఒకామె ఇసుక మీద బోర్లా పడి, రెండు అరచేతులు పైకి తెరిచి ఏడుస్తుంటది. పోయిన మనిషిది ఫ్రేమ్ అంచున చెయ్యి మాత్రమే. వార్త ఫొటోలకు ప్రపంచమంతా పెట్టే పోటీ వరల్డ్ ప్రెస్ ఫొటో, దాంట్ల ఆ ఏటి ఉత్తమ ఫొటో ఇదే. దీనికి 14. ఖాళీ ఇసుక, అంచున ఒక్క చెయ్యి, అన్నీ వాళ్లు చెప్పే సూత్రాలే. అక్కడ నేను కూడా నోరు మూసుకున్న. శవాన్ని మొత్తం చూపెట్టి ఉంటే పేపర్ పక్కకు పెట్టేటోళ్లం. ఆ చెయ్యి మాత్రం చూపు తిప్పుకోనియ్యదు.

కానీ పది నిమిషాలు నెగటివ్ స్పేస్, అంటే ఫొటోలో వదిలిన ఖాళీ జాగ గురించి మాట్లాడిన్రు, కడలూరు అన్నోళ్లు లేరు, సునామీ అన్నోళ్లు లేరు. నేను లేచి అడిగితే, క్యాప్షన్లు కావాలనే తీసేసినం, జడ్జిమెంట్ మీద ప్రభావం పడతది అన్నరు. క్యాప్షన్ లేకుండా వార్త ఫొటోకు మార్కులేసుడు పాసుబుక్కు చూడకుండా పొలం బేరమాడినట్టే. సెలూన్లు అనే ఫొటో పోటీలకు రూల్స్ పెట్టే అమెరికా ఫొటోగ్రఫీ సంఘం పీఎస్ఏ కూడా ఫొటోజర్నలిజం విభాగంలో ఫొటో అందం కన్నా వార్త విలువనే ముందు చూడమంటది.

చాయ్ కాడ క్లోన్ చేయమన్నాయనకు స్టెపాన్ రూడిక్ అనే ఫొటోగ్రాఫర్ కథ చెప్పిన. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటోలో బహుమతి వచ్చి పోయింది. చేతికి కట్టు కట్టే ఫొటో, పెద్ద ఫ్రేమ్‌లోంచి చిన్న ముక్క కోసిండు, బ్లాక్ అండ్ వైట్ చేసిండు. వాటితోని ఏం కాలే. వెనక ఇంకొకరి పాదం కొంచెం కనబడితే దాన్ని తుడిచిండు. దానికే తీసేసిన్రు. ఆయన నవ్వి, "మా దగ్గరైతే ఆ పాదం ఉంటేనే మార్కులు పోతయి" అన్నడు. మంచి మనిషే, ఆయన చూసే కాగితమే వేరు.

పక్షుల ఫొటోలు, కోయిల్‌సాగర్ సూర్యాస్తమయాలు తీసేటోళ్లకు ఈ సెషన్ బాగుంటది, పోండి. వార్త ఫొటోలోళ్లు మాత్రం ఫీజు కట్టే ముందు రెండు సంగతులు అడగండి. క్యాప్షన్ చూపెడ్తరా? జడ్జిల్లో ఒక్కరన్నా పేపర్ డెస్క్‌లో పనిచేసిన్రా? ఐదు స్టార్లలో మూడు. ఆ బస్సు సంగతి చెప్పిన పెద్దాయన మళ్లీ కూసుంటడంటే నేను ఇంకో నాలుగు ఫొటోలు పట్టుకొని పోత.