పదిహేనేళ్ళ వాడకం తరువాత బ్యాష్, పెర్ల్, పైథాన్

ఫైళ్ళ పేర్లు మార్చడం, లాగ్‌లలో (ప్రోగ్రాములు తమ పనిని నమోదు చేసే ఫైళ్ళలో) లోపాలు వెతకడం, ఒక పట్టికలోని వివరాలను మరో రూపంలోకి తేవడం వంటి రోజువారీ పనులకు నేను పదిహేనేళ్ళుగా బ్యాష్, పెర్ల్, పైథాన్ అనే మూడు ప్రోగ్రామింగ్ భాషలనూ వాడుతున్నాను. ఇప్పుడు కొత్త స్క్రిప్టు (ఇలాంటి పనికి రాసే చిన్న ప్రోగ్రాము) ఏదైనా పది పదిహేను వరుసలు దాటుతుందనిపిస్తే పైథాన్‌లోనే మొదలుపెడుతున్నాను. ఈ నిర్ణయానికి రావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఎంత త్వరగా రాయగలనన్నదే అప్పట్లో నాకు కొలబద్ద. ఆరు నెలల తరువాత అదే స్క్రిప్టును తెరిచి, చదివి, భయం లేకుండా మార్చగలనా అని ఆలోచించలేదు.

1989లో బ్రయాన్ ఫాక్స్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం రాసిన బ్యాష్ ఒక షెల్, అంటే మనం టైపు చేసే ఆదేశాలను నడిపే ప్రోగ్రాము; అది చాలా లినక్స్ యంత్రాలలో ముందే ఉంటుంది. ఒక ఆదేశం ఇచ్చిన ఫలితాన్ని పైపు ద్వారా మరో ఆదేశానికి అందించే పనిలో దానికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. అయితే దాని ప్రమాదాలు చిన్న చిన్న గుర్తులలో దాగి ఉంటాయి. ఒకసారి పాత ఫైళ్ళను తొలగించడానికి రాసిన స్క్రిప్టులో, ఫోల్డరు పేరు ఉన్న వేరియబుల్ చుట్టూ కోట్ గుర్తులు పెట్టడం మరిచాను. ఫోల్డరు పేరు ‘రిపోర్ట్స్ ఓల్డ్’. మధ్యలో ఖాళీ ఉన్నందువల్ల షెల్ దానిని రెండు మాటలుగా విడగొట్టి ఫైళ్ళను తొలగించే ‘ఆర్‌ఎమ్’ ఆదేశానికి రెండు పేర్లుగా ఇచ్చింది. పక్కనే ఉన్న, నాకు ఎంతో అవసరమైన ‘రిపోర్ట్స్’ ఫోల్డరు పోయింది. ‘ఓల్డ్’ అనేదే లేకపోయినా, లేని ఫైళ్ళ గురించి ఫిర్యాదు చేయవద్దని చెప్పే ‘మైనస్ ఎఫ్’ ఇచ్చి ఉన్నందున ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. తొలగించవలసిన ఫోల్డరు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. లోపం వస్తే వెంటనే ఆగిపోయేలా స్క్రిప్టు తలభాగంలో పెట్టే ‘సెట్ మైనస్ ఈ’ వంటి జాగ్రత్తలు ఈ పొరపాటును పట్టుకోలేవు. షెల్‌చెక్ అనే సాధనం పట్టుకుంటుంది. బ్యాష్‌లో రాసేవారు దానిని తప్పక వాడాలని నా గట్టి అభిప్రాయం.

1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్‌ను నేను పూర్తిగా వదలలేదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే వెతకవలసిన మాటల నమూనాను తెలిపే సూత్రాలు, ఆ భాషలోనే కలిసిపోయి ఉన్నందువల్ల, వందల ఫైళ్ళలో ఒక మాటను మార్చే పని ఈనాటికీ ఒక్క వరుసలో దానితోనే చేస్తాను. పొడవైన స్క్రిప్టుల సంగతి వేరు. ఒకే అర్రే (విలువల వరుస) సందర్భాన్ని బట్టి ఒకచోట జాబితాగా, మరొకచోట దానిలోని అంశాల సంఖ్యగా మారడం వల్ల, నేను రాసిన రెండు వందల వరుసలే నాకు అర్థం కాని రోజులున్నాయి.

పైథాన్ వైపు నన్ను తిప్పింది దానితోపాటే వచ్చే లైబ్రరీ, అంటే ముందే రాసి ఉంచిన కోడ్. అంతకుముందు గడులను కామాలతో విడదీసే సీఎస్‌వీ ఫైళ్ళను ఆక్ అనే సాధనంతో, కామాను విభజన గుర్తుగా ఇచ్చి చదివేవాడిని. ఒక ఫైలులో కోట్ గుర్తుల మధ్య ఉన్న చిరునామాలోనే కామా ఉండడంతో, ఆ వరుసలో తరువాతి గడులన్నీ ఒకటి పక్కకు జరిగి, కూడిక మొత్తం తప్పుగా వచ్చింది. పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ కోట్ గుర్తుల లోపలి కామాలనే కాదు, గడి లోపలి కొత్త వరుసలను కూడా సరిగా చదువుతుంది. జేసన్ అనే డేటా రూపం, తేదీలు, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు, వీటికి కావలసినవి కూడా అదనంగా ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే అందుతాయి.

పైథాన్ నన్ను బాధపెట్టలేదని చెప్పలేను. 2008లో వచ్చిన పైథాన్ 3 పాత స్క్రిప్టులతో పొసగదు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. పాతదానిలో 5ను 2తో భాగిస్తే 2 వచ్చేది, కొత్తదానిలో 2.5 వస్తుంది. రికార్డులను విడతలుగా పంచే నా స్క్రిప్టు, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే లూపుకు పూర్ణాంకం అందక లోపం చూపి ఆగిపోయింది, అది నయం. నివేదికలు తయారుచేసే మరో స్క్రిప్టు ఏ ఫిర్యాదూ లేకుండా అంకెలు మార్చేసింది. భాషతో వచ్చిన మార్పిడి సాధనం భాగహారాన్ని ముట్టుకోదు కనుక, ప్రతి స్లాష్ గుర్తునూ నేనే వెతికి, అవసరమైన చోట పూర్ణ భాగహారం చేసే రెండు స్లాష్‌లుగా మార్చవలసి వచ్చింది.

ఇతరులు రాసిన బయటి ప్యాకేజీల విషయంలోనూ ఇబ్బందులు పడ్డాను కాబట్టి, వీలైనంతవరకు వాటి జోలికి వెళ్ళను; తప్పనిసరి అయితే ఆ పనికి విడిగా ఒక వెన్వ్ (ఆ ప్యాకేజీలను మిగతావాటితో కలవనివ్వని ప్రత్యేక ఫోల్డరు) తయారుచేస్తాను.

ఇక వేగం. పైథాన్ మొదలవడానికి పట్టే సమయం ఒక్కసారికి తెలియదు గానీ, బ్యాష్ లూపు లోపలి నుంచి ఫైలుకొకసారి చొప్పున వేలసార్లు పిలిస్తే అదే పెద్ద భారమవుతుంది. నా లాగ్ స్క్రిప్టులో ఆ లూపును కూడా పైథాన్‌లోకి మార్చాక, నిమిషాలు పట్టే పని కొన్ని సెకన్లలో ముగుస్తోంది.