జాగ్రత్త: ఓడిపోవడానికే రాసిన ఫైట్‌ని డబ్బులు పెట్టి కొనకండి

తిరుపతి, చిత్తూరు వైపు కొత్తగా డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ పాత్రల్లా ఆడే కథల ఆట) ఆడిస్తున్నవాళ్ళ కోసం ఈ పోస్టు. ‘కొత్తవాళ్ళకి రెడీమేడ్ అడ్వెంచర్’ అంటూ ఆన్‌లైన్‌లో ఒక కిట్ అమ్ముతున్నారు. స్పైరల్ బైండింగ్ పుస్తకం, మడత మ్యాపు, ఒక సెట్ డైస్, అన్నీ కలిపి 1,800 రూపాయలు. అమ్మేవాళ్ళ పేరు రాయను, కిట్‌ని చూస్తే మీకే తెలుస్తుంది. కవర్ మీద నలుగురు ప్లేయర్లు, 1 నుంచి 3 లెవెల్ (క్యారెక్టర్ బలం ఏ మెట్టులో ఉందో చెప్పే అంకె) అని ఉంటుంది. లోపల మాత్రం మూడో లెవెల్ పార్టీకి, అంటే ప్లేయర్ల జట్టుకి, ఎదురుగా అడల్ట్ రెడ్ డ్రాగన్‌ని దించారు.

2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌లో దాని ఛాలెంజ్ రేటింగ్ 17. అంటే 17వ లెవెల్‌కి చేరిన నలుగురికి సరిజోడీ. హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, 256. ఒక్కసారి నిప్పు ఊదితే సగటున 63 డ్యామేజ్, అంటే ఎదుటివాళ్ళకి అన్ని హిట్ పాయింట్లు పోతాయి. మూడో లెవెల్ విజార్డ్ (మంత్రగాడు) దగ్గర ఉండేవి ఓ 20 హిట్ పాయింట్లు. సేవ్‌కి, అంటే నిప్పు నుంచి కాచుకోవడానికి వేసే డైస్‌కి, 21 రావాలి. వచ్చినా సగం డ్యామేజ్, 31, తప్పదు. రాకపోతే 20 పోగా ఇంకా 43 మిగులుతుంది. అలా మిగిలిన డ్యామేజ్ క్యారెక్టర్ మొత్తం హిట్ పాయింట్లకి సమానమైనా, మించినా డెత్ సేవ్‌లు (చావు నుంచి బయటపడడానికి వేసే డైస్) కూడా ఉండవు, అక్కడికక్కడే ఖతం. పోనీ పరిగెడదామా? మనిషి డాష్ చేస్తే, అంటే తన వంతంతా పరుగుకే వాడితే, ఒక టర్న్‌లో 60 అడుగులు. డ్రాగన్ డాష్ చేయకుండానే 80 అడుగులు ఎగురుతుంది.

ఇది పొరపాటున పడిన అంకె కాదు. ప్లేయర్లు ఇక్కడ ఓడిపోవాలి, ముందుగా వాళ్ళకి చెప్పకూడదు, తర్వాతి చాప్టర్‌లో జైల్లో కళ్ళు తెరుస్తారు అని పుస్తకంలోనే రాసుంది. ఆ నిప్పుకి జైలుదాకా ఎవరు మిగులుతారో రాసినాయన లెక్క చూసుకున్నట్టు లేదు.

బైరాగిపట్టెడలో మా మేడ మీద ఇది ఆడినప్పుడు ఫైటర్ ఆడుతున్న అమ్మాయి కత్తి వేటు తగలకపోతే తన డైసే బాగాలేదనుకుని డైస్ మార్చింది, ఉన్న పోషన్లన్నీ (గాయాలు మాన్పే మందులు) తాగేసింది. గెలిచే దారి లేదని తెలిస్తే ఒక్క పోషన్ కూడా వాడేది కాదు. పక్కనున్న తమ్ముడైతే షీట్ మడిచిపెట్టి, “ఏందన్నా ఇది, చచ్చేదానికా ఇంతసేపు కూర్చుని క్యారెక్టర్ రాసింది?” అన్నాడు. వాడి ప్రశ్నకి ఆ పుస్తకంలో జవాబు లేదు.

గెలవలేని శత్రువు ఆటలో ఉండకూడదని నేననను. ఉండాలి, లేకపోతే ఆ లోకానికి బరువుండదు. 1974లో వచ్చిన తొలి రూల్స్‌లోనే తప్పించుకుని పారిపోవడానికి పద్ధతి ఉంది. వెంటపడేది తెలివిలేని జంతువైతే తిండి పడేయాలి, తెలివైనదైతే బంగారం పడేయాలి, అది ఆగే అవకాశముంది. పైగా ముందు సూచన ఉండాలి. అలిపిరి నడకదారిలో చిరుత కనిపించిందంటే మైకులో చెప్తారు, జనాన్ని గుంపులుగా పంపుతారు, ఎవరూ దాంతో కుస్తీకి దిగరు. ఈ కిట్‌లో కాలిపోయిన ఊరు లేదు, భయపడి పారిపోయి వస్తున్న జనం లేరు. తలుపు తీయగానే డ్రాగన్, అంతే.

ఇప్పటికే కొనేసినవాళ్ళు పుస్తకం పారేయక్కర్లేదు. పార్టీ ఎలాగూ బందీ అవ్వాల్సిందే అయితే ఆ ఫైట్‌కి ఇనీషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే డైస్) వేయించకండి. నోటితో కథలా చెప్పి, ‘ఇక్కడ మీరు పట్టుబడ్డారు, జైల్లోంచి ఆట మొదలు’ అనండి. ఐదు నిమిషాల పని, ఎవరికీ కోపం రాదు. ఫైట్ ఆడించాలనే ఉంటే లక్ష్యం మార్చండి. డ్రాగన్‌ని చంపడం కాకుండా, మూడు రౌండ్లలో ఊరి పిల్లల్ని సొరంగంలోకి చేర్చడం లాంటిది. సొరంగం మాత్రం డ్రాగన్ దూరలేనంత ఇరుకుగా ఉండాలి, లేకపోతే పైన చెప్పిన 80 అడుగుల లెక్క మళ్ళీ మెడకి చుట్టుకుంటుంది. మొదటి నిప్పు పార్టీ మీద కాకుండా పక్కనున్న రాతి బురుజు మీద పడనివ్వండి, ఆ 63 అంకె పైకి చదవండి. చాలామంది అప్పుడే వెనక్కి తిరుగుతారు. అయినా ముందుకే వెళ్తామంటే ఆట ఆపి, ‘దీన్ని మీరు గెలవలేరు, మీ క్యారెక్టర్లకి కూడా అది తెలుసు’ అని సూటిగా చెప్పేయండి. అలా చెప్తే మజా పోతుందని కొందరు డీఎంలు (ఆట ఆడించేవాళ్ళు) అంటారు, నాకైతే అది ఒట్టి బడాయి అనిపిస్తుంది.

ఇలాంటివి కొనబోయేవాళ్ళు డబ్బు పంపేముందు పెద్ద ఫైట్ ఉన్న పేజీల ఫొటో అడగండి. మాన్‌స్టర్ పేరు తెలిస్తే చాలు, అంకెలు మీరే చూసుకోవచ్చు. ఐదో ఎడిషన్ మూల రూల్స్ 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా దొరుకుతున్నాయి, ఈ రెడ్ డ్రాగన్ కూడా అందులో ఉంది. ఓడిపోతే కథ ఎటు వెళ్తుందో ఆ పేజీలో రాసుందా లేదా అని తప్పకుండా అడగండి. కథ పాడవుతుందని ఫొటో ఇవ్వకపోతే వదిలేయండి, డీఎంకి కథ దాచేదేముంది?

రిఫండ్ అడిగితే పుస్తకం తెరిచారు కాబట్టి ఇవ్వం అన్నారు. కవర్ మీద ఒకటి, లోపల ఒకటి అన్న సంగతికి మాత్రం జవాబు లేదు. కవర్ ఫొటో, ఆ పేజీ ఫొటో, పేమెంట్ స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఇదే కిట్ కొని రిఫండ్ రానివాళ్ళు మీ బిల్లు పారేయకండి, మీరూ అక్కడ ఫిర్యాదు పెట్టండి.