తాళి ముడికీ సిరిమానుకీ ఒకటే కెమెరా: నాలుగు ఫుల్‌ఫ్రేమ్ బాడీలు పక్కపక్కన

మనిషి ఒకడే, బాడీ (లెన్సు కాకుండా ఒట్టి కెమెరా) ఒకటే, ఫోటోలూ వీడియో రెండూ రావాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు చిన్న పెళ్లిళ్లలో, ఓణీల ఫంక్షన్లలో, అమ్మవారి పండగల్లో పని చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఈ పనికి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (పాత 35 మి.మీ. ఫిల్ము అంత సెన్సార్ ఉండి, లోపల అద్దం లేని కెమెరా) కొందామని షాపుకెళ్తే మొదట చెవిన పడేది మెగాపిక్సెళ్ల మాట. నిజానికి అది ఆఖరున చూడాల్సిన అంకె. 24 మెగాపిక్సెళ్ల ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు. దాన్ని 36 అంగుళాల ఆల్బమ్ షీటు నిండా పరిచినా అంగుళానికి 166 పిక్సెళ్లు మిగులుతాయి. ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది చాలు.

ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. సెన్సార్ ఒక ఫ్రేముని ఎంత త్వరగా చదువుతుంది? 4కె 50 ఫ్రేములు పెడితే బొమ్మ అంచులు కోసేస్తుందా? ఫోటో నుంచి వీడియోకి వేలితో మారొచ్చా, మెనూలోకి వెళ్లాలా? మే నెల ముహూర్తంలో వేడికి ఆగిపోకుండా నడుస్తుందా? ఈ నాలుగు ప్రశ్నలతో ఇక్కడ నాలుగు బాడీలు చూద్దాం: సోనీ ఏ7 ఫోర్ (2021), కెనాన్ ఆర్6 మార్క్ 2 (2022), పానాసోనిక్ లూమిక్స్ ఎస్5 టూ (2023), నికాన్ జెడ్6 త్రీ (2024). 2025 చివర్లో ఆర్6 మార్క్ 3, ఏ7 ఫైవ్ ప్రకటించారు కాబట్టి వీటిలో పాతవి సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతాయి. అందుకే వీటి గుణదోషాలు తెలిసి ఉండటం ఇప్పుడే ఎక్కువ అవసరం.

సెన్సార్ వేగం సంగతి విజయనగరం పైడితల్లమ్మ పండగలో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. సిరిమాను కొసన పూజారి కూర్చుని ఉంటారు, మాను జనం తలల మీదుగా కోట వైపు కదులుతుంది. దాన్ని అనుసరిస్తూ కెమెరా పక్కకు తిప్పుతాం. సెన్సార్ ఫ్రేముని పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసే చదువుతుంది. ఏ7 ఫోర్‌లో ఫుల్‌ఫ్రేమ్ వీడియోకి అందుకు సుమారు 27 మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో కెమెరా తిరిగిపోతుంది కాబట్టి నిటారుగా ఉన్న కరెంటు స్తంభం, మేడ గోడ, దూరాన గంటస్తంభం అన్నీ ఒక పక్కకు ఒరిగినట్టు పడతాయి. తర్వాత ఎడిటింగ్‌లో దీన్ని పూర్తిగా సరిచేయలేం. జెడ్6 త్రీలో పాక్షికంగా స్టాక్ చేసిన (త్వరగా చదివే సర్క్యూట్లు అదనంగా పేర్చిన) సెన్సార్ ఉంది, చదివే సమయం 10 మిల్లీ సెకన్ల లోపే. స్తంభాలు నిటారుగానే నిలబడతాయి. తప్పెటగుళ్ల బృందం చిందేస్తూ గెంతేటప్పుడు కూడా తేడా ఇంతే స్పష్టం. ఈ ఒక్క విషయంలో నికాన్ మిగతా మూడింటి కంటే బాగా ముందుంది. దానికి చెల్లించే మూల్యం ఒకటుంది: తక్కువ ఐఎస్‌ఓలో (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) తీసిన ఫోటోలో నీడల్ని మరీ పైకి లేపితే పాత జెడ్6 టూ కంటే కొంచెం ఎక్కువ గరుకు కనిపిస్తుంది. ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టేవాళ్లకు అది పెద్ద లెక్క కాదు.

ఇక క్రాప్. తలంబ్రాలు స్లో మోషన్‌లో కావాలంటే 4కె 50 ఫ్రేములు తీసి 25లో నడిపిస్తాం, వేగం సగమవుతుంది. ఏ7 ఫోర్, ఎస్5 టూ రెండూ 4కె 50లో సెన్సార్ మధ్య భాగమే వాడతాయి, 1.5 రెట్లు కోత పడుతుంది. 24 మి.మీ. లెన్సు 36 మి.మీ. అయిపోతుంది. కల్యాణ మండపంలో చుట్టూ చుట్టాలు మూగి ఉంటే వెనక్కి జరగడానికి అడుగు చోటుండదు. సరిగ్గా అక్కడే వధువు చేతులు ఫ్రేము బయటికి పోతాయి. ఏ7 ఫోర్‌తో ఈ పని చేయాలంటే టామ్రాన్ 17-28 లాంటి వెడల్పు లెన్సు కూడా సంచీలో ఉండాలి, క్రాప్‌లో అది సుమారు 26-42 అవుతుంది. ఆర్6 మార్క్ 2, జెడ్6 త్రీ మాత్రం 4కె 50ని సెన్సార్ పూర్తి వెడల్పుతో ఇస్తాయి, లెన్సు మార్చే పని లేదు. ఇంకా నెమ్మదిగా, 4కె 100 ఫ్రేములు కావాలంటే జెడ్6 త్రీలోనూ కోత తప్పదు.

జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం వీడియోలో పడాలి, ఆ వెంటనే తల మీద చేతులుండగా ఫోటో కూడా రావాలి. మధ్యలో దొరికేది రెండు మూడు సెకన్లు. ఏ7 ఫోర్‌లో మోడ్ డయల్ కిందే ఫోటో, వీడియో, స్లో మోషన్‌కి విడిగా ఒక రింగు ఉంది. కెనాన్‌లో ఎడమ భుజం మీద ఫోటో-వీడియో స్విచ్, నికాన్‌లో చిన్న మీట. ఈ మూడూ చీకట్లో కూడా వేలికి తెలుస్తాయి. ఎస్5 టూలో మోడ్ డయల్ తిప్పాలి. అలవాటైతే ఇబ్బంది లేదు గానీ తొందరలో ఒక గీత అవతలికి పోతుంది. ఏ బాడీ అయినా కొన్న రోజే ఫోటో సెట్టింగులు, వీడియో సెట్టింగులు వేరువేరుగా నిలిచేలా మెనూలో పెట్టుకోవాలి. లేకపోతే వీడియోలో పెట్టిన 1/50 (సెకనులో యాభయ్యో వంతు) షట్టర్ ఫోటోలోకి వచ్చేసి, కదిలే చేతులన్నీ మసకబారతాయి.

ఆ 1/50 ఎందుకో వివరంగా చెప్పాలి, మన వైపు వీడియోలు ఎక్కువగా చెడేది ఇక్కడే. మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు లైటు సెకనుకి 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది. షట్టర్ 1/50 అయితే సరిగ్గా రెండు వెలుగులు, 1/100 అయితే ఒకటి లోపల పడతాయి, ప్రతి ఫ్రేములోనూ వెలుగు సమానంగా ఉంటుంది. 1/60 పెడితే రెండు వెలుగులు పూర్తిగా పడక, గోడ మీద చీకటి పట్టీలు కిందికీ పైకీ జారుతుంటాయి. అందుకని కెమెరా మెనూలో పాల్ (50 హెర్ట్జ్ కరెంటుకి సరిపోయే వీడియో పద్ధతి) ఎంచుకుని 25 లేదా 50 ఫ్రేముల్లోనే తీయాలి. 30 ఫ్రేముల్లో తీయక తప్పకపోతే షట్టర్‌ని 1/50 లేదా 1/100 దగ్గరే ఉంచాలి.

స్టేజీ మీది ఎల్‌ఈడీ పార్ లైట్లు, వెనక ఎల్‌ఈడీ తెర మాత్రం ఈ లెక్కకు లొంగవు. అవి సెకనుకి వందలు, వేల సార్లు ఆరి వెలుగుతాయి. పెళ్లికూతురి ముఖం మీద ఒక అడ్డపట్టీ ఊదాగా, దాని కింద పట్టీ మామూలుగా పడితే కారణం ఇదే. షట్టర్ వేగాన్ని దశాంశాల్లో సర్దుకునే వీలున్న బాడీ అయితే తెర చూస్తూ పట్టీలు మాయమయ్యే దగ్గర ఆపొచ్చు. కెనాన్, నికాన్‌లలో హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ తగ్గించే సెట్టింగు, పానాసోనిక్‌లో సింక్రో స్కాన్ ఇందుకే ఉన్నాయి. ఫోటోలకైతే ఇలాంటి లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ జోలికే పోవద్దు, మెకానికల్ షట్టరే వాడాలి. ఆర్6 మార్క్ 2 ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకి 40 ఫోటోలు తీస్తుందన్నది నిజమే. అది తేలినీలాపురంలో పెలికాన్లు చెట్టు మీద దిగేటప్పుడు పనికొస్తుంది, రిసెప్షన్ స్టేజీ మీద కాదు.

పగటి వీడియోకి వస్తే ఎన్‌డీ ఫిల్టరు (లెన్సు ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లద్దం) లెక్క చాలామంది వదిలేస్తారు. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/100, ఎఫ్ 16 దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోతుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు రంధ్రం పెద్దదవుతుంది). షట్టర్ 1/50 చేస్తే ఒక స్టాప్ ఎక్కువ (వెలుగు రెట్టింపైతే ఒక స్టాప్), ఎఫ్ 2.8 పెడితే ఇంకో ఐదు, మొత్తం ఆరు స్టాప్‌లు ఆపాలి. ఎస్-లాగ్3 (తర్వాత రంగులు దిద్దుకోవడానికి బొమ్మని చప్పగా తీసే సోనీ లాగ్ ప్రొఫైల్) వాడితే ఐఎస్‌ఓ 800 దగ్గర మొదలు, మరో మూడు కలిసి తొమ్మిది అవుతాయి. మార్కెట్లో ఎక్కువగా దొరికే 2 నుంచి 5 స్టాప్‌ల వేరియబుల్ ఎన్‌డీ దీనికి చాలదు, 6 నుంచి 9 స్టాప్‌లది కావాలి. చవక ఫిల్టరుతో వెడల్పు లెన్సు వాడితే ఆకాశంలో పెద్ద నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది. ఒంటరిగా పెళ్లి తీసేవాళ్లకు లాగ్ అవసరమే లేదని మా అభిప్రాయం. ఎస్-సినీటోన్ లాంటి సిద్ధమైన రంగుల ప్రొఫైల్‌లో 10 బిట్‌లో తీస్తే చాలు. పానాసోనిక్‌లో దాని లాగ్ ప్రొఫైల్ వి-లాగ్ తప్పదనుకుంటే రాత్రి పూట ఐఎస్‌ఓ 3200 కంటే 4000 శుభ్రంగా వస్తుంది. దాని సెన్సార్‌కి వి-లాగ్‌లో సహజమైన మెట్లు రెండు, 640, 4000.

వేడి విషయంలో ఎస్5 టూకి సాటి లేదు. లోపల ఫ్యాన్ ఉంది, రికార్డింగుకి సమయ పరిమితి లేదు. మధ్యాహ్నం ముహూర్తానికి స్టాండు మీద పెట్టి రెండు గంటలు వదిలేయాల్సిన పనైతే కళ్లు మూసుకుని ఇదే కొనొచ్చు. ఏ7 ఫోర్‌లో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ని ‘హై’కి మార్చి, తెరని బాడీ నుంచి బయటికి తెరిచి ఉంచాలి. మూసి ఉంటే వెనక వేడి బయటికి పోదు. నాలుగూ యూఎస్‌బీ-సీ పీడీ పవర్ బ్యాంకుతో నడుస్తాయి. బ్యాటరీ మాత్రం సోనీదే ఎక్కువ సేపు వస్తుంది. నికాన్ తీసుకుంటే రోజుకి నాలుగైనా దగ్గరుండాలి. బరువు ఏ7 ఫోర్ 658 గ్రాములు, ఆర్6 మార్క్ 2 670, ఎస్5 టూ 740, జెడ్6 త్రీ 760.

కార్డుల లెక్క సులువు. 200 ఎంబీపీఎస్ (సెకనుకి 200 మెగాబిట్ల) వీడియో అంటే సెకనుకి 25 ఎంబీ, నిమిషానికి 1.5 జీబీ, గంటకి 90 జీబీ. 128 జీబీ కార్డులో 85 నిమిషాలు పడుతుంది. కార్డు మీద వి30 అంటే కనీసం సెకనుకి 30 ఎంబీ రాస్తుందని హామీ, వి60కి 60, వి90కి 90. సోనీలో 4కె 50 ఆల్-ఇంట్రా (ప్రతి ఫ్రేముని విడిగా దాచే పద్ధతి) లాంటి బరువైన ఫార్మాట్లకే వి90 అవసరం, మిగతా పనికి వి60 చాలు. జెడ్6 త్రీలో రెండు స్లాట్లు రెండు రకాలు, ఒకటి సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ బి, రెండోది ఎస్‌డీ. కార్డులూ రీడరూ రెండు రకాలు కొనాలి, ఆ ఖర్చు ముందే కలుపుకోండి.

కంప్యూటర్ ఖర్చు కూడా ఇక్కడే దాగుంది. 10 బిట్ 4:2:2 హెచ్265 ఫైళ్లు (రంగుల వివరం ఎక్కువ ఉంచి, బాగా కుదించినవి) పాత సిస్టంలో కదలవు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోపలి గ్రాఫిక్స్ వీటిని నేరుగా చదువుతుంది. ఎన్‌విడియాలో 50 సిరీస్ వచ్చాకే ఆ సౌకర్యం వచ్చింది. అంటే ఖరీదైన పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నా టైమ్‌లైన్ నత్తనడక నడవొచ్చు. అలాంటప్పుడు రంగుల వివరం తక్కువుండే 4:2:0లో తీయడం తెలివైన పని.

లెన్సుల్లో సోనీదే పైచేయి. సిగ్మా, టామ్రాన్ కలిపి ఎఫ్ 2.8 జూములు ఎన్నో, సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతాయి. నికాన్‌కి టామ్రాన్ 28-75, 35-150 ఉన్నాయి. కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌కి (మిర్రర్‌లెస్ బాడీల లెన్సు బిగింపు) సిగ్మా, టామ్రాన్ 2024లో తెచ్చినవి ఏపీఎస్-సీ, అంటే చిన్న సెన్సార్ కోసం చేసిన లెన్సులు, ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద పెడితే కోత పడుతుంది. కాకపోతే ఇంట్లో పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ నాటి ఈఎఫ్ లెన్సులుంటే అడాప్టర్‌తో కొత్తవాటిలాగే ఫోకస్ చేస్తాయి. 2024లోనే వచ్చిన 495 గ్రాముల ఆర్‌ఎఫ్ 28-70 ఎఫ్ 2.8 ఒంటరి మనిషికి చాలా మంచి లెన్సు.

పై లెక్కలన్నీ చూస్తే, లెన్సులేమీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జెడ్6 త్రీ, పాత కెనాన్ లెన్సులున్నవాళ్లకు ఆర్6 మార్క్ 2 సరైనవి. ఏ7 ఫోర్ ఫోటోలు ముఖ్యమై, వీడియో 25 ఫ్రేముల్లో చాలనుకునేవాళ్లకి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఇవి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడని ఫోకస్ తప్పించి ఒక ఫోటో తీసి పెద్దది చేస్తే సెన్సార్ మీది దుమ్ము చుక్కలుగా కనిపిస్తుంది, అది తుడిస్తే పోతుంది. లెన్సుకి మూత పెట్టి వీడియో తీసి చూడండి. నిలువుగానో అడ్డంగానో సన్నని గులాబీ, ఆకుపచ్చ గీత కదలకుండా ఉంటే అది లేజర్ దెబ్బ. ఊరేగింపు డీజే బండి మీది లేజర్ కిరణం లెన్సులోంచి సూటిగా పడితే క్షణంలో పిక్సెళ్లు కాలిపోతాయి, సెన్సార్ మార్చడం తప్ప దారి లేదు. మిర్రర్‌లెస్‌లో సెన్సార్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి లేజర్లు తిరిగే చోట కెమెరాని వాటికి ఎదురుగా నిలపకూడదు. లెన్సు వెనక నుంచి మొబైల్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలీడు గూడులా సన్నని పోగులు కనిపిస్తే ఫంగస్. కళింగపట్నం, భావనపాడు లాంటి తీర ప్రాంతాల్లో వాడిన లెన్సులకు ఇది తప్పకుండా చూడాలి. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి. జెల్ రంగు మారగానే పెనం మీద సన్నని సెగకు వేడి చేసి, చల్లారాక మళ్లీ వేయాలి.