తెవికీ: పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్ళకు ఎంత ఉపయోగం, పెత్తనం ఎవరిది?

ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని ఊరి గురించి తెలుగులో వెతికితే చాలాసార్లు దొరికేది తెలుగు వికీపీడియా (తెవికీ) ఒక్కటే. 2003 డిసెంబరులో మొదలైంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనల బెడద లేదు. జీతంలేని మనుషులు ఇంత పని చేశారంటే చేతులెత్తి మొక్కాలి. అయినా సరిహద్దు ఊళ్ళ పేజీలను పేజీ పైనున్న ‘చరిత్ర’ నొక్కి ఎవరు ఏం మార్చారో చూడకుండా నమ్మకండి.

పర్లాకిమిడినే తీసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మన నోట పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి. పేజీకి ఏ పేరు పెట్టాలన్న చర్చ వస్తే, ఆ వారం రచ్చబండకు (తెవికీలో అందరూ చర్చించుకునే పేజీకి) ఎవరు వచ్చారో వాళ్ళ మాటే చెల్లుతుంది. ముగ్గురే వస్తే ఆ ముగ్గురిదే ఏకాభిప్రాయం. పెత్తనం పుట్టేది ఇక్కడే. నిర్వాహకుల (అడ్మిన్ల) చేతిలో ముఖ్యంగా మూడు అధికారాలుంటాయి: పేజీ తొలగించడం, ఇతరులు మార్చకుండా సంరక్షించడం, వాడుకరిని రాయనివ్వకుండా నిరోధించడం. ఈ మూడూ చిట్టాకెక్కుతాయి, ఎవరైనా చూసుకోవచ్చు. రోజూ గంటల తరబడి కూర్చునే తీరిక మాత్రం ఏ చిట్టాలోనూ కనిపించదు, మాట నెగ్గించేది అదే.

ఒక తేడా గుర్తుంచుకోండి. పేజీ తొలగించాక దాని పాఠం నిర్వాహకులకే కనిపిస్తుంది, మనకు మిగిలేది కారణం రాసిన ఒక్క ముక్క. అది న్యాయమో కాదో వాదించడానికి చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి కొత్త వ్యాసం ఏదైనా ముందు మీ ప్రయోగశాలలో (మీ ఖాతాకుండే చిత్తుపేజీలో) రాసి, నకలు సొంత ఫైలులో దాచుకోండి.

రాసింది నిలవాలంటే ఖాతా తెరవండి. పేజీ పేరు మార్చే వీలు నాలుగు రోజులయ్యాక వస్తుంది. ఒక్కో వాక్యానికీ మూలం ఇవ్వండి: 2011 జనగణన పుస్తకం, జిల్లా వెబ్‌సైటు, పాత సంగతులకు 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్. ఒడియా పత్రిక కూడా మూలంగా చెల్లుతుంది, తెలుగే కానక్కర్లేదు. దిద్దుబాటు సారాంశం (ఏం మార్చారో చెప్పే చిన్న గడి) ఖాళీగా వదలొద్దు. ఎవరైనా మీ మార్పును రద్దు చేస్తే మళ్ళీ పెట్టకుండా చర్చ పేజీలో వాళ్ళ వాడుకరి పేరు తగిలించి అడగండి, వారం ఆగండి, జవాబు లేకపోతే రచ్చబండకెక్కండి. రెండో పేరుకు దారిమార్పు పేజీ (ఆ పేరుతో వెతికినా అసలు పేజీకే చేర్చేది) పెడితే సగం తగాదా అక్కడే తీరుతుంది.

ఆంధ్ర, ఒడిశా రెండూ తమదనే కొఠియా లాంటి చోట ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడి 21 గ్రామాల మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెళ్ళింది, 2006లో యథాతథ స్థితి దగ్గరే ఆగింది. రెండు రాష్ట్రాల వాదనలూ వాటి వాటి మూలాలతో రాస్తేనే పేజీ నిలుస్తుంది. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి రద్దు చేయకూడదన్న నియమం ఇంగ్లీషు వికీ నుంచి వచ్చింది. ఆ లెక్క మనిషికింత. పాతవాళ్ళిద్దరు తలా రెండుసార్లు రద్దు చేస్తే నియమం దాటరు, ఒంటరిగా పోరాడే కొత్తవాడు దాటేస్తాడు, వేటు అతడికే పడుతుంది.

ఓ కన్నేసి ఉంచేవాళ్ళు లేకపోతే ఈ పెత్తనం ఎంత దూరం వెళ్తుందో క్రొయేషియన్ వికీ చూపించింది. దాదాపు 2011 నుంచి 2020 దాకా కొద్దిమంది నిర్వాహకులు దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, ఎదురు చెప్పినవాళ్ళను నిరోధించి, చరిత్రనే వక్రీకరించారు. వికీపీడియాలను నడిపే వికీమీడియా ఫౌండేషన్ దీనిపై 2021లో నివేదిక వేసింది. స్కాట్లాండ్ భాష స్కాట్స్‌లో ఉన్న వికీలో ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడు వేల వ్యాసాలు రాస్తే 2020 దాకా పట్టుకున్నవాళ్ళు లేరు.

తెవికీకి ఇంగ్లీషులో ఉన్నట్టు తగవులు తేల్చే మధ్యవర్తిత్వ సంఘం లేదు. పెద్ద లోపం ఇదే. అన్ని వికీలకూ ఉమ్మడి సైటైన మెటావికీలో స్టీవార్డులనే పై స్థాయి నిర్వాహకులున్నారు గానీ వ్యాసంలో ఏముండాలన్న తగవులో తలదూర్చరు. జర్మన్ వికీలో నెలలో 25 మంది సంతకం పెడితే నిర్వాహకుడు మళ్ళీ ఓటుకు నిలబడాలి. మన సంఖ్యకు తగ్గట్టు ఐదారు సంతకాలతో అలాంటి ఏర్పాటు రావాలి.

‘పేజీ సమాచారం’ తెరిస్తే ఆ పేజీ మీద ఎందరు కన్నేసి ఉంచారో ఉంటుంది. 30 లోపైతే అంకె చెప్పదు, తక్కువని మాత్రమే అంటుంది. చిన్న ఊళ్ళ పేజీల్లో మామూలుగా కనిపించేది ఇదే. గుణుపురమైనా జయపురమైనా, మీ ఊరి పేజీ పైన నక్షత్రం గుర్తు నొక్కి వీక్షణ జాబితాలో (మీరు కన్నేసి ఉంచే పేజీల పట్టీలో) చేర్చుకోండి.