గుమ్మానికీ కిటికీకీ గోడకూ అంచు పని: టేకు, గ్రానైట్, సిమెంటు, పీఓపీ… ఎక్కడ ఏది మేలు?

కొత్త ఇంట్లో గోడల పూత పూర్తయి, తలుపుల చట్రాలు నిలబడ్డాక దగ్గరికి వెళ్లి చూస్తే, చట్రానికీ పూతకూ మధ్య సన్నని సందు ఒకటి కనిపిస్తుంది. చెక్క ఎండాకాలంలో కుంచించుకుంటుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. సిమెంటు పూతకు ఆ కదలిక చేతకాదు కనుక అది చట్రం అంచు వెంబడే పగులుతుంది. ఎంత మంచి మేస్త్రీ పని చేసినా, ఎన్నిసార్లు లప్పం పెట్టినా ఆ చీలిక మళ్లీ బయటపడుతుంది. మనం బీడింగు అని పిలిచే పట్టీ పుట్టింది ఆ సందును కప్పడానికే. అందువల్ల క్యాటలాగు ముందు పెట్టుకుని ఏ నగిషీ బాగుందని చూడబోయే ముందు, ఈ పట్టీ ఏ రెండు వస్తువుల అతుకు మీద కూర్చోబోతోంది, అక్కడికి నీళ్లు చేరతాయా, చేయి తగులుతుందా, ఎండ పడుతుందా అన్నవి చూసుకోవాలి. ఇల్లంతటికీ ఒకే సామగ్రి, ఒకే శైలి అని పట్టుబట్టిన చోటే డబ్బు వృథా అవుతుందని నా అభిప్రాయం.

అతుకును అలంకారంగా మార్చడం మనకు కొత్త విద్య కాదు. 1213 నాటి రామప్ప గుడి వంటి కాకతీయ ఆలయాల్లో గర్భగుడి ద్వారం పక్కన నిలువుగా సాగే చెక్కడపు పట్టీలను శిల్పశాస్త్రం శాఖలంటుంది. త్రిశాఖ, పంచశాఖ, సప్తశాఖ అని వాటి సంఖ్యను బట్టి ద్వారానికి పేరు వస్తుంది. తెలంగాణలో దర్వాజ అన్నా, కోస్తాలో ద్వారబంధం అన్నా, పాత మండువా ఇళ్ల సింహద్వారాల మీద లతలూ తామరలూ మెట్లు మెట్లుగా లోపలికి దిగుతూ కనిపించేది ఆ పద్ధతే. అయితే ఆ పనితనం నాలుగైదు అంగుళాల మందమున్న దిట్టమైన కలప మీద చేసింది. అర అంగుళం మందం కూడా లేని బీడింగు మీద యంత్రంతో అదే లతను అచ్చుగుద్దితే ఆ లోతు రాదు సరికదా, గీతల్లో దుమ్ము మాత్రం దండిగా చేరుతుంది.

లోపలి గదుల తలుపుల విషయానికి వస్తే పోటీ టేకు బీడింగుకూ, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక) పట్టీకీ, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) పట్టీకీ మధ్య. నా ఓటు టేకుకే, కానీ ఒక షరతుతో. టేకులో చెదలు తేలికగా ముట్టనిది చేవ, అంటే దుంగ నడుమ ఉండే ముదురు చెక్క, ఉన్న భాగాన్ని మాత్రమే. దుంగ అంచున ఉండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. బీడింగు సన్నని వస్తువు కాబట్టి దాన్ని సాధారణంగా చట్రాలు కోయగా మిగిలిన ముక్కల నుంచి తీస్తారు, తెల్లచెక్క వచ్చి చేరేదీ అందులోనే. రంగు వేసి పాలిష్ పట్టాక ఏది చేవో ఏది తెల్లచెక్కో కంటికి ఆనదు, అందుకే పాలిష్‌కు ముందే ఒక్కో పట్టీనీ వెలుతురులో తిప్పి చూడాలి. బల్లార్షా టేకు అని అమ్మేదంతా చంద్రపూర్ అడవుల నుంచే వస్తోందని నమ్మనక్కరలేదు. ఘానా, నైజీరియా దుంగలూ మన అడితీల్లో ఉంటాయి. బీడింగు వరకు ఊరి పేరు కన్నా చేవే ముఖ్యం.

మూలల్లో పట్టీలను ఎలా కలపాలన్నది చాలామంది వడ్రంగికే వదిలేస్తారు. ఫోటో ఫ్రేముకు కోసినట్టు 45 డిగ్రీల కోతతో కలిపితే మొదటి రోజు చాలా ముచ్చటగా ఉంటుంది. చెక్క పొడవులో దాదాపుగా మారదు, వెడల్పులో మారుతుంది. పచ్చి వదలని చెక్క ఆరుతున్నకొద్దీ పట్టీ వెడల్పు తగ్గి, కోత కోణం మారి, మూల లోపలి వైపు నుంచి సందు విచ్చుకుంటుంది. పట్టీ ఎంత వెడల్పైతే సందు అంత పెద్దది. రెండంగుళాల లోపు పట్టీకి ఏటవాలు కోత ఫరవాలేదు. మూడు, నాలుగు అంగుళాల పట్టీలు కావాలనుకునేవారు నిలువు పట్టీలను తిన్నగా కోయించి, వాటి నెత్తిన అడ్డ పట్టీని ఇరువైపులా కాస్త బయటికి వచ్చేలా కూర్చోబెట్టించుకోవడం మేలు. ఆ అతుకు విచ్చినా గీతలాగే ఉంటుంది, లోపంలా కనిపించదు.

ఎండీఎఫ్ ధర తక్కువ, నున్నగా ఉంటుంది, రంగు చక్కగా పడుతుంది. దాని శత్రువు మాత్రం మన ఇళ్లలో రోజూ పెట్టే తడిగుడ్డ. మా ఇంట్లో స్నానాలగదికి ఎదురుగా ఉన్న పడకగది గుమ్మానికి తెల్ల రంగు వేసిన ఎండీఎఫ్ పట్టీలు కొట్టించాను. రెండో వానాకాలానికి నేలకు ఆనిన చివరలు నానిన అటుకుల్లా ఉబ్బాయి, రంగు పెచ్చులుగా లేచింది, పైన ఆరడుగుల పట్టీ మాత్రం నిక్షేపంగా ఉంది. కింద అరచేయంత ఎత్తున గ్రానైట్ దిమ్మ పెట్టి దాని మీద నుంచి పట్టీ మొదలుపెట్టి ఉంటే సరిపోయేదని తరువాత తెలిసింది. నీళ్లు చేరే గుమ్మాలకు డబ్ల్యూపీసీ నయం. దానికి చెదలు పట్టవు, ఉబ్బదు. చెక్క రంగు అంటించిన డబ్ల్యూపీసీ టేకు పక్కన నిలబడితే తేడా ఇట్టే తెలుస్తుంది కనుక, దాన్ని నేరుగా గోడ రంగులోనో తెలుపులోనో ఉంచడం మర్యాద. ఇక స్నానాలగదికైతే పట్టీలతో పని లేకుండా చట్రాన్నే గ్రానైట్‌తో నిలబెట్టడం మన మేస్త్రీలకు బాగా అలవాటైన పని; అంతకు మించిన పరిష్కారం నాకు తెలియదు.

సింహద్వారం లెక్క వేరు. గడప మిగిలింది ఇప్పుడు ఆ ఒక్క గుమ్మానికే, దానికి శుక్రవారం పూటైనా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టని ఇల్లు తక్కువ. నీళ్లు కలిపిన పసుపు వారం వారం చెక్క మీద పడుతుంటే మెలమైన్ పాలిష్ ఎక్కువ కాలం నిలవదు, తెల్ల రంగు పట్టీ అంచులకు ఆ పసుపు మరక శాశ్వతంగా అంటుకుంటుంది. అందుకే సింహద్వారానికి నగిషీ అంతా పై పట్టీలోనూ, నిలువు పట్టీల్లో నడుము ఎత్తుకు పైన మాత్రమే చేయించి, కింది భాగాన్ని సాదాగా వదిలేయడం నాకు నచ్చిన పద్ధతి. మామిడాకుల తోరణానికి ఏటా కొత్త మేకు కొట్టే అవసరం రాకుండా, పై పట్టీ వెనుక రెండు చిన్న ఇత్తడి కొక్కేలు ముందే పెట్టించుకుంటే ఆ చెక్కడానికి ఆయుష్షు పెరుగుతుంది.

కిటికీల దగ్గర చెక్క పట్టీ వాదన బలహీనపడుతుంది. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) జారుడు కిటికీలే వస్తున్నాయి, వాటికి చుట్టూ గ్రానైట్ చట్రం వేయడం మామూలైపోయింది. నాలుగంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పట్టీ అడుగుకు దాదాపు కిలోన్నర బరువు తూగుతుంది. పూత మీద ఉత్త సిమెంటు పాలతో అంటిస్తే చాలదు, పూతను గీరి, రాతికి పనికివచ్చే అంటుడు సామగ్రితో కూర్చోబెట్టాలి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బంగారు చుక్కలతో లోపల హుందాగా ఉంటుంది, కానీ పడమటి ఎండ తగిలే కిటికీకి నల్లరాయి చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది. అక్కడ లేత బూడిద రంగు రాయి మేలు. కొలతలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. నాలుగడుగుల చదరపు కిటికీకి చుట్టుకొలత 16 అడుగులని రాసుకుంటారు. నాలుగంగుళాల పట్టీని మూలల్లో ఏటవాలుగా కలిపితే బయటి అంచు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు అవుతుంది కనుక, కావలసింది 18 అడుగుల 8 అంగుళాలు. పది కిటికీల ఇంటికి ఈ తేడా 26 అడుగులు దాటుతుంది, చివర్లో తెచ్చే రాయి రంగు ముందు తెచ్చినదానితో కలవదు.

ఇంటి బయటి వైపు కిటికీ చుట్టూ తేలేలా వేసే అంచుకు గ్రానైట్ కన్నా సిమెంటు పట్టీయే నాకు ఇష్టం. గోడ పూతతో పాటే వేసేది కాబట్టి ఊడి కింద పడే భయం తక్కువ, గోడతో పాటు రంగు మార్చుకోవచ్చు, కనీసం వారం రోజులు బాగా తడిపితే ఏళ్ల తరబడి ఉంటుంది. థర్మోకోల్ మీద సిమెంటు పూత వేసి అమ్మే తయారు పట్టీలు తేలిక, గంటల్లో పని అయిపోతుంది, నగిషీ కూడా అచ్చులో పోసినంత స్పష్టంగా వస్తుంది. కానీ నిచ్చెన ఆనితేనే పైపొర చిట్లుతుంది, ఏసీ బిగించడానికి వచ్చినవాళ్లు దాని మీద కాలు పెడితే ఇక చెప్పనక్కరలేదు. చేతికి అందని రెండో అంతస్తుకు అవి సరే, నేల అంతస్తుకు వద్దు. ఏది వేసినా కింది పట్టీ బయటికి కొద్దిగా వాలుగా ఉండాలి, దాని అడుగున వేలి మందం గాడి తీయాలి. ఆ గాడి లేకపోతే వాన నీరు పట్టీ అడుగు నుంచి పాకి గోడ మీదికి వస్తుంది, ప్రతి కిటికీ కిందా రెండు నల్లటి చారలు దిగుతాయి.

లోపలి గోడల దగ్గరే అసలైన తగవు. గోడా పైకప్పూ కలిసే మూల వెంబడి పెట్టే పట్టీని కార్నీసంటారు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) కార్నీసు, పాలీయురేథేన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్ నురగ) కార్నీసు చూపుకు ఒకేలా ఉంటాయి. పీఓపీ జిప్సం కనుక తేమను పీల్చుకుంటుంది. పై కప్పు చెమ్మ కొట్టే గదిలో మొదట పసుపు మచ్చ, తరువాత పొడి రాలడం తప్పవు. పాలీయురేథేన్‌కు ఆ బాధ లేదు, అతుకుల దగ్గర మాత్రం జాగ్రత్తగా పూడ్చాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో రెండోదే మేలు. హైదరాబాదులో కింది అంతస్తుల పొడి గదులకు పీఓపీ చాలు, ఖర్చూ తక్కువ. ఏదైనా తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు గదికి మూడంగుళాలు మించిన కార్నీసు పెడితే కప్పు నెత్తి మీదికి దిగినట్టుంటుంది, దానికి తోడు ఫాల్స్ సీలింగు కూడా ఉంటే కార్నీసే అనవసరం.

గోడ మీద సన్నని పట్టీలతో ఖాళీ ఫోటో ఫ్రేముల్లాంటి చట్రాలు కట్టే పద్ధతి ఐరోపా నుంచి వచ్చింది; పెద్ద హాలులో, సోఫా వెనుక ఒక్క గోడకు వేస్తే నిండుగా ఉంటుంది. పది బై పదకొండు గదిలో నాలుగు గోడలకూ వేస్తే, మధ్యలో స్విచ్ బోర్డు, ఏసీ గొట్టం, దేవుడి క్యాలెండరు వచ్చి ఆ చట్రాలన్నీ తెగిపోతాయి. టీవీ వెనుక నిలువు గాళ్ల చార్‌కోల్ ప్యానెళ్ల మీద నాకు అంత గౌరవం లేదు. మూడు నెలల దుమ్మును ఆ గాళ్లలోంచి తీయడానికి కుంచె పట్టుకు కూర్చోవాలి. మన పాత బడుల్లో, ఇళ్లల్లో గోడకు మూడడుగుల దాకా ముదురు ఆయిల్ పెయింటు వేసి పైన సన్న గీత గీసేవారు. కుర్చీ వీపు తగిలేదీ, పిల్లల చేతులు పాకేదీ అక్కడిదాకానే. భోజనాల గదిలో ఆ గీత స్థానంలో టేకు పట్టీ ఒకటి అడ్డంగా కొట్టించి, కింది భాగానికి కడిగితే పోయే రంగు వేస్తే, చట్రాల గోడకు అయ్యే ఖర్చులో చిన్న వంతుతో అంతకన్నా అక్కరకు వచ్చే పని అవుతుంది.

తెల్ల పట్టీలు కావాలనుకునేవారు నూనె ఆధారిత ఎనామెల్ కాక నీటి ఆధారిత రంగు అడగాలి, మొదటిది వెలుతురు చాలని గదుల్లో ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. పని వరుస విషయంలోనూ పట్టుబట్టాలి: పూత పూర్తిగా ఆరాలి, గ్రానైట్ చట్రాలు కూర్చోవాలి, ఆ తరువాతే కిటికీల కొలతలు తీయించాలి, నేల పలకలు పరిచాకనే తలుపుల బీడింగు కొట్టించాలి. పలకల కన్నా ముందు బీడింగు కొడితే దాని అడుగు అంగుళం మేర నేలలో పాతుకుపోతుంది, మొదటి కడుగుడు నీళ్లు నేరుగా ఆ చెక్కలోకే వెళ్తాయి.