గండికోట: లోయకు అరగంట, కోటకు నాలుగ్గంటలు

తెల్లవారుజామున ముద్దనూరు స్టేషన్లో దిగినప్పుడు మా నలుగురికీ ఒకటే ఆశ, సూర్యోదయానికి పెన్నా లోయ అంచున నిలబడాలని. కుదర్లేదు. మాట్లాడుకున్న కారు గంట ఆలస్యంగా వచ్చింది. పైగా డ్రైవరు ఫోన్లో ఒప్పుకున్నదానికంటే మూడొందలు ఎక్కువ అడిగాడు. ఆ వేళప్పుడు ఇంకెవరు దొరుకుతారని ఎక్కేశాం. జమ్మలమడుగులో వేడివేడి ఉగ్గాని, బజ్జీ కడుపులో పడ్డాక గానీ మావాడి కోపం దిగలేదు.

అక్కడి నుంచి కోట పదిహేను కిలోమీటర్లుంటుంది. సూర్యోదయం ఎలాగూ పోయింది కదా అని లోయను సాయంత్రానికి వదిలేసి కోటలోకి నడిచాం. ఇనుప మేకులు దిగేసిన పెద్ద తలుపులు దాటితే లోపల ఊరు ఊరంతా ఉంది. మేకలు, ముగ్గులు, అరుగు మీద తాతలు. కొంచెం ముందుకెళ్తే జామియా మసీదు, దాని దగ్గర్లోనే ధాన్యాగారం. బయట ఎండ మండిపోతున్నా దాని కమాను కప్పు కింద చల్లగా ఉంది. అక్కడే చాలాసేపు చతికిలపడ్డాం.

నాకు బాగా నచ్చింది మాత్రం మాధవరాయ ఆలయం. గోపురం నిండా శిల్పాలే, గర్భగుడిలో మాత్రం విగ్రహం లేదు. విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. 1652లో ఇక్కడికొచ్చి ఆయన్ని కలిసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఒక సంగతి రాశాడు. గుళ్ల విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయబోతే, ఇక్కడి గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకీ కరగలేదట. నిజమెంతో గానీ, ఖాళీ గర్భగుడి ముందు నిలబడి ఆ మాట చెప్తే మావాళ్లు ఎవరూ కిక్కురుమనలేదు.

సాయంత్రం లోయ దగ్గరికి వెళ్లాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన ఆ గండే ఈ ఊరికి పేరు. ఎర్రరాళ్లు పలకలు పలకలుగా పేర్చినట్టుంటాయి. ఫొటోలో కంటే అందంగానే ఉంది, అనుమానం లేదు. కానీ మేం నిలబడినచోట అంచుకు కంచె లేదు, జనమేమో సెల్ఫీల కోసం తోసుకుంటున్నారు. పిల్లలతో వస్తే టెన్షనే. అరగంటకే వెనక్కొచ్చేశాం.

రాత్రికి ఉండాలంటే? కిందటిసారి టెంటు తీసుకున్నాను. రాత్రంతా గాలికి గుడ్డ టపటపా కొట్టుకుంది, పక్క టెంట్లో స్పీకర్లు ఒంటిగంట దాకా మోగాయి, బాత్రూమ్ కోసం పొద్దున్నే క్యూ. తెల్లారి లోయ దగ్గరే కళ్లు తెరవాలనుకునే కుర్రాళ్లకు అది సరే. నిద్ర కావాలంటే జమ్మలమడుగులో మామూలు లాడ్జి గదే మేలు. నీళ్ల సీసాలు, టోపీ కూడా అక్కడే కొనుక్కోండి. కోటలో నీడ చాలా తక్కువ.

తిరుగు ప్రయాణానికి ఆ కారును మాత్రం పిలవలేదు.