వాన దేశాలకు వెళ్తున్నారా? ‘వెదర్ సీల్డ్’ అని రాసి ఉందని కెమెరా కొనేయకండి

ఉష్ణమండల ప్రయాణం కోసం కెమెరా కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అట్టపెట్టె మీద ‘వెదర్ సీల్డ్’ అని ఉంటే వానలో తడిసినా ఏమీ కాదనుకుంటారు. నీళ్లను ఎంతవరకు ఆపుతుందో తెలియాలంటే ఐపీ రేటింగ్ (ధూళినీ నీళ్లనూ ఎంత ఆపుతుందో పరీక్షించి ఇచ్చే అంకె) చూడాలి, అది ఉన్న కెమెరాలు చాలా తక్కువ. ఓఎం సిస్టమ్ కంపెనీ వారి ఓఎం-1 కెమెరాకు ఐపీ53 ఉంది, అంటే ధూళినీ పైనుంచి పడే జల్లునూ తట్టుకునే స్థాయి, అదీ ఆ రేటింగ్‌కు తగ్గ లెన్స్ తగిలిస్తేనే. లోపలికి నీళ్లు దిగితే సర్వీస్ సెంటర్‌లో విప్పి తుప్పు చూస్తారు, మామూలు వారంటీ వర్తించదంటారు. మరమ్మతు ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది.

అసలు బోల్తా కిట్‌లో ఉంటుంది. బాడీకి సీలింగ్ ఉన్నా, దానితో కలిపి అమ్మే చౌక లెన్స్‌కు చాలాసార్లు ఉండదు. కొనేముందు లెన్స్ వెనక లోహపు మౌంట్ చుట్టూ సన్నని రబ్బరు రింగు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే నీళ్లు నేరుగా సెన్సర్ దగ్గరికే దారి తీస్తాయి. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే లెన్స్ ప్రతిసారీ బయటి తేమ గాలిని లోపలికి పీలుస్తుంది. వీలైతే పొడవు మారని లెన్స్ ఎంచుకోండి.

సెకండ్ హ్యాండ్ లెన్స్ అయితే ఇంకా జాగ్రత్త. గాలిలో తేమ 60 శాతం దాటిన చోట చీకటి సంచిలో రోజుల తరబడి ఉంటే గాజు మీద బూజు పడుతుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు గానీ, పాలపొర గానీ కనిపిస్తే వదిలేయండి. ‘చిన్న మచ్చే, ఫొటోలో కనపడదు’ అని అమ్మేవాళ్లు చెప్పేది ఆ రోజుకు నిజమే కావచ్చు. కానీ ఉక్కలో అది పెరుగుతుంది, దాని ఆమ్లం గాజు మీది పూతను తినేశాక తుడిచినా ఫలితం ఉండదు.

కొన్నాక కాపాడుకోవడమూ ముఖ్యమే. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను నేరుగా బయటికి తీస్తే లోపలా బయటా నీటి తుంపరలు పడతాయి. గదిలో ఉండగానే జిప్ కవర్‌లో పెట్టి గాలి పోకుండా మూసి, బయటికి తెచ్చాక కనీసం అరగంట ఆగి తెరవండి. తుంపర పడిందా, లెన్స్ విప్పకండి, కెమెరా ఆన్ చేయకండి. రాత్రి గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో (తేమ పీల్చే గింజలు) పెట్టండి, లోపల తేమ 40 నుంచి 50 శాతం ఉండాలి. చిన్న తేమ మీటరు కూడా వేసుకుంటే ఊహతో పని ఉండదు. నారింజ రంగు జెల్ ఆకుపచ్చకు తిరిగిందంటే ఇక పీల్చదు, ఆరబెట్టాల్సిందే.

దోమల మందు విషయం చాలామంది పట్టించుకోరు. డీట్ అనే రసాయనం ఉన్న మందు చేతికి రాసుకుని కెమెరా పట్టుకుంటే ప్లాస్టిక్, పట్టుకునే చోటి రబ్బరు మెత్తబడి జిగురవుతాయి. అలాగని మందు మానేయకండి, ప్రాణం ముందు, కెమెరా తర్వాత. డెంగీ వ్యాపింపజేసే ఈడిస్ దోమ పగలే కుడుతుంది. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ చీకటి పడ్డాక మొదలుపెట్టి తెల్లవారేదాకా తిరుగుతుంది, మంచి వెలుగు కోసం మీరు బయట ఉండేదీ ఆ రెండు అంచుల్లోనే. 20 శాతం పికారిడిన్ (దోమలను తరిమే మరో రసాయనం) ఉన్న మందు వాడండి, అది ప్లాస్టిక్‌ను పాడుచేయదు.

విడి లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే మామూలుగా తీసుకెళ్లనివ్వరు. చౌక నకిలీ బ్యాటరీలు వేడికి ఉబ్బి కెమెరాలోనే ఇరుక్కుంటాయి, లాగి తీయబోతే మంట పట్టే ప్రమాదం ఉంది. మెమరీ కార్డు కొనగానే, వాపసు గడువు ముగియకముందే, పూర్తి సామర్థ్యానికి నింపి చదివే పరీక్ష చేయండి. 256 జీబీ అని రాసి అందులో నాలుగో వంతు కూడా లేని కార్డులు మార్కెట్లో ఉన్నాయి.